సరిహద్దు కింద బొగ్గులు

ఎగైలాలో మా కఫీల్, అంటే నన్ను పనిలో పెట్టుకున్న అరబ్బు, ఇంటి పిల్లల్ని బడి దగ్గర దింపి వెనక్కి వస్తుంటే కారు రేడియోలో వార్తలు వస్తున్నాయి. ఎడారిలో మొక్కల కోసం, జంతువుల కోసం కాపాడుతున్న భూమిని ఇంకా పెంచుతారట. దానికి చట్టం తెస్తున్నారట. ఇప్పుడున్న కంచెలు బయటికి జరుగుతాయట. వార్తలు చదివే ఆవిడ ఆ ముక్క చెప్పేసి ఫుట్‌బాల్‌లోకి వెళ్లిపోయింది. నేను మాత్రం బండి పక్కకు తీసి ఆపాను. ఈ సంగతి చెప్పాల్సిన మనిషి ఒకాయన ఉన్నాడనుకుని ఫోను కోసం జేబులో చెయ్యి కూడా పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆయన పోయాడని. పోయిన రంజాన్ ముందు రాయచోటి మనిషి ఒకడు టీ అంగట్లో కలిసి, మాటల మధ్యలో ఆ కబురు చెప్పాడు. ఆ పూట టీ సగంలో వదిలేసి లేచి వచ్చాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఎరిగినవాళ్లు గుర్తుపట్టరు, ఆ పేరుతో ఆయన్ని ఎవరూ పిలిచింది లేదు. తెలుగువాళ్లందరికీ చిన్నాయన. అరబ్బులకు హారిస్, అంటే కాపలావాడు. పట్నానికి దూరంగా కబ్ద్‌లో తోటలు, గొర్రెల దొడ్లు దాటాక ప్రభుత్వం కొంత ఎడారికి ముళ్లకంచె వేసి ఉంచింది. లోపల గొర్రె గానీ ఒంటె గానీ బండి గానీ అడుగు పెట్టకూడదు. ఆ కంచె కాయడం ఆయన ఉద్యోగం. గేటు దాటగానే లోపల రేకుల గది, అదే ఆయన కాపురం. ఇంతా చేసి లోపల ఏముందయ్యా అంటే అర్ఫజ్ అనే పొద. మోకాలెత్తు ఉంటుంది. వానలు పడ్డాక కొన్నాళ్లు పచ్చబడి పసుపురంగు పూలు పూస్తుంది. మిగతా ఏడాదంతా అరిగిపోయిన చీపురుకట్టలా ఉంటుంది.

ఆ పొదలంటే ఆయనకు ప్రాణమని ఎవరైనా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. నేనూ మొదట అట్లాగే అనుకుని ఒకసారి అడిగాను.

"ఏముందబ్బీ దీంట్లో? మా ఊరి మేకయితే మూతిగూడా పెట్టదు. కాయమన్నారు, కాస్తాండా" అన్నాడు.

ఆయన దగ్గర ఒక ఖాకీ టోపీ ఉండేది. ముందువైపు ప్రభుత్వ ముద్ర. దాన్ని ఎప్పుడూ తలమీద పెట్టుకునేవాడు కాదు, మడిచి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఎవరైనా కంచె దగ్గరికి బండి తెచ్చినా, గొర్రెలు తోలినా, గబగబా టోపీ తీసి పెట్టుకుని, చేతికర్ర అడ్డంగా రెండు చేతుల్తో పట్టుకుని "మమ్నూ" అనేవాడు. కూడదు అని. అరబ్బీలో ఆయనకు వచ్చిన మాటలు వేళ్లమీద లెక్కపెట్టచ్చు గానీ ఈ ఒక్కటి మాత్రం అరబ్బుల కంటే బాగా పలికేవాడు. వచ్చినవాళ్లు వెనక్కి మళ్లాక టోపీ తీసి మడిచి జేబులో పెట్టుకుని, వాళ్లనే వెనక్కి పిలిచి టీ తాగుతారా అని అడిగేవాడు. తిట్టుకుంటూ పోయేవాణ్ణి టీకి పిలిస్తే ఏం చెయ్యాలో వాడికీ తోచేది కాదు.

నాకు ఆయనతో పరిచయం తగువుతోనే మొదలైంది. అప్పట్లో నేను నీళ్ల ట్యాంకరు తోలేవాణ్ణి. కబ్ద్‌లో మా యజమాని తోటకు నీళ్లు పొయ్యాలి. రోడ్డు చుట్టు తిరిగి పోతుంది కాబట్టి నేను ఎడారికి అడ్డంపడి పోయేవాణ్ణి. ఇరాక్ సైన్యం వచ్చిన ఏడాది సంగతి ఇది. వాళ్లు రాకముందు, చలికాలం పోతుండగా, ఆ కాపలా భూమిని పెంచుతూ చట్టమైంది. పాత కంచె నుంచి మా తోట వెనకదాకా ఉన్న నేలంతా కొత్తగా అందులో చేరింది. ముళ్లతీగ ఓడలో రావాలన్నారు. అది వచ్చేదాకా గుర్తుగా ఉంటాయని ఖాళీ ఆయిల్ డ్రమ్ములకు తెల్లరంగు కొట్టి, ఇసుక నింపి, ఒకదాని దగ్గర నిలబడితే ఇంకొకటి కనిపించేట్టు వరసగా పెట్టించారు. నా అడ్డదారి ఆ డ్రమ్ముల మధ్య నుంచి పోతుంది. డ్రమ్ములే కదా అని నేను పోనిచ్చాను. ఆయన టోపీ పెట్టుకుని ఎదురొచ్చాడు.

"చిన్నాయనా, నేను కడపోణ్ణి. మనోళ్లకు గూడానా?"

"మమ్నూ."

"నీళ్లబండి ఇది. ఆడ మనుషులు నీళ్లకు అల్లాడతాండారు."

"చుట్టు తిరిగి పో. అంతలోకే ఎవరూ సావరులే. మమ్నూ."

బండి తిప్పుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. వచ్చిన చక్రాల జాడమీదే వెనక్కి నడపాలన్నాడు. నిండు ట్యాంకరును ఇసుకలో వెనక్కి నడపడం ఎంత సుఖమో తోలినవాడికి తెలుస్తుంది. ఆయన పక్కన నడుస్తూ, చక్రం జాడ తప్పినప్పుడల్లా కర్రతో రేకుమీద కొట్టేవాడు. డ్రమ్ములు దాటి బయటపడ్డాక టోపీ తీసి, "ఏమబ్బీ, టీ తాగుతావా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోతోంది. అయినా తాగాను, టీ మాత్రం బాగుంది.

ఆయన తిక్క నా ఒక్కడిమీదే కాదని తర్వాత తెలిసింది. డేగలతో వేటకు వచ్చిన ఒక పెద్దింటి కుర్రాణ్ణి అట్లాగే ఆపాడట. వాడు ఆఫీసుకు చెప్పి ఆయనకు చీవాట్లు పెట్టించాడు. మళ్లీ వారం అదే బండి వస్తే మళ్లీ అదే మమ్నూ. హాజీ సంగతి ఇంకా పెద్దది. హాజీ అంటే సూడాన్ దేశపు ముసలాయన, ఎవరో అరబ్బు గొర్రెలు మేపేవాడు. ఆ నేలలో ఏళ్ల తరబడి మేపినవాడికి కొత్తచట్టం మింగుడు పడలేదు. ఒకరోజు ఒక డ్రమ్మును ఇసుక కుమ్మరించి లోపలికి దొర్లించి, అక్కడ గొర్రెల్ని మేపాడు. చిన్నాయన ఆఫీసుకు కబురు పంపాడు. వాళ్లు వచ్చి, ఆ సీజనంతా హాజీ ఆ సరిహద్దు దరిదాపులకు రాకూడదని తీర్పు చెప్పి పోయారు. గొర్రెల్ని తోలుకుని పోతూ ముసలాయన కళ్లు తుడుచుకున్నాడని మా తోటలో చెప్పుకున్నారు.

ఆ మాట విని నేను చిన్నాయనతో కాస్త కటువుగానే మాట్లాడాను. మేకలు మేపుకునే ఇంట్లో పుట్టినవాడివి, ముసలాయన గొర్రెల్ని తోలించడానికి నీకు మనసెట్లా వచ్చిందని అడిగాను. ఆయన లేచాడు. గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు చెప్పాడు.

"మా కొండ సగమే రిజర్వు ఫారెస్టుగా ఉండె. ఒక ఏడు గీతను కిందికి దించినారు, మా ఊరి చేలదాకా. మా నాయనకు ఎవరు చెప్పినారు? మేకలు దినామూ పోయేచోటికే పోయినాయి. పట్టుకపోయి బందెలదొడ్లో ఏసినారు."

"చూసినావా మరి. ఆ కడుపుమంట నీకు తెలీదా?"

"ఇనబ్బీ. మా నాయన తప్పు కట్టినాడు. అది కాదు నా కడుపుమంట. అదే దినం పక్కూరి రెడ్డి మంద పైన మేస్తాండాది. గార్డు చూసి నగుతాండాడు. చట్టం చెడ్డది కాదు. కొందరికి కన్నతల్లి, కొందరికి సవతితల్లి అయితేనే చెడ్డది. నేను కాసినంత కాలం అట్లా కానీయను."

నాకు ఆ మాట అంతగా ఎక్కలేదు. ముసలాయన కళ్లు తుడుచుకున్నది మాత్రం మనసులో ఉండిపోయింది.

ఓడలో తీగ వస్తుందని అందరూ ఎదురుచూస్తుంటే ఆగస్టులో సైన్యం వచ్చింది. ఆ పొద్దున నేను తోటలోనే ఉన్నాను. యజమాని వేసవికి కుటుంబంతో లండన్ పోయి ఉన్నాడు, మా పాస్‌పోర్టులు పట్నంలో ఆయన ఇంటి బీరువాలో ఉన్నాయి. ఆ ఇంట్లో ఇరాక్ అధికారులు దిగారు. పాస్‌పోర్టులున్నవాళ్లు బస్సులెక్కి జోర్డాన్ వైపు పోయారు. లేనివాళ్లం ఉండిపోయాం. చుట్టుపక్కల తోటల్లో దిక్కులేకుండా పోయిన తెలుగువాళ్లు ఒక్కరొక్కరే మా తోటలోకి చేరారు. రెడ్డెమ్మ అట్లా వచ్చినదే. ఇప్పటి అన్నమయ్య జిల్లా వైపు మనిషి, పట్నంలో ఒక అరబ్బు ఇంట పనిచేసేది. మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, వాళ్లు సౌదీకి పారిపోతూ ఈమెను తోట దగ్గర దింపి పోయారు. వచ్చిన రోజే గరిట అందుకుంది. గోదాంలో బియ్యం మూటలు, పప్పు, ఖర్జూరాలు ఉన్నాయి. నా ట్యాంకరును సైన్యం పట్టుకుపోయాక తోటబావి ఉప్పునీళ్లే గతి అయింది.

చిన్నాయనను మాతో వచ్చి ఉండమన్నాం. పగలు నీళ్లకూ తిండికీ వచ్చేవాడు, తిన్నాక డ్రమ్ముల దగ్గరికి పోయేవాడు. ఆయన ఆఫీసులో ఒక్క మనిషి లేడు.

"జీతమిచ్చే సర్కారే పారిపాయె. ఇంకెవురికోసం చిన్నాయనా?" అని మేం ఆటపట్టించేవాళ్లం.

"సర్కారు పోతే పోయింది. డ్రమ్ములు యాడికీ పోలేదు గదా" అనేవాడు.

వంటగ్యాసు సిలిండర్లు ముందు అయిపోయాయి. తర్వాత కూరగాయల పెట్టెలు, ఎండిన ఖర్జూరపు మట్టలు, చివరికి గోదాం తలుపులు పొయ్యిలోకి పోయాయి. చలికాలం దిగింది. చుట్టుపక్కల నేలంతా గొర్రెలు ఎప్పుడో నాకేశాయి, పుల్ల దొరకదు. డ్రమ్ములకు అవతల మాత్రం కంటి ఎదురుగా ఎండు అర్ఫజ్ పొదలు. పచ్చిగా ఉన్నా భగ్గున మండుతుందట ఆ కట్టె.

ముందు సైనికులు వచ్చారు, ఒక లారీలో, కట్టెల కోసం. మేం తోటలో నుంచి చూస్తున్నాం. చిన్నాయన టోపీ పెట్టుకుని, కర్ర అడ్డంగా పట్టుకుని వాళ్ల ముందుకు నడిచాడు. ఆయన్ని కాల్చేస్తారనే అనుకున్నాను. రెడ్డెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కొంచెం వయసు మళ్లిన సైనికుడు ఒకడు ఆయన చెప్పింది విని, ఎవరి హుకూమత్, అంటే ఏ సర్కారు, తరఫున మమ్నూ అంటున్నావని అడిగి నవ్వాడు. హుకూమత్ ఏదైనా మమ్నూ మమ్నూనే అన్నాడట ఈయన. వాళ్లు ఆయన్ని పక్కకు జరిపి, లారీ నింపుకుని పోయారు. వాళ్లు కోస్తున్నంత సేపూ ఆయన కర్ర దించకుండా అట్లాగే నిలబడి ఉన్నాడు.

ఆ రోజు తిండి దగ్గర రెడ్డెమ్మ పట్టుకుంది.

"తుపాకులోళ్లకు ఇస్తివి. మాకు మాత్రం ఈవా?"

"నేనీలేదమ్మీ. వాళ్లు దోచుకపోయినారు."

"అయితే మేమూ దోచుకుంటాం. పోయి కోసుకొస్తా చూడు."

"పో. నేను అడ్డం నిలబడతా. నన్ను తోసేసి కోసుకోండి."

మేం మగవాళ్లం పాతికమంది దాకా ఉన్నాం. ఒక్క తోపుకు సరిపోడు ఆయన. కానీ ఎవరమూ లేవలేదు. పరాయి సైన్యం తోసినట్టు మన మనిషిని మనం తొయ్యలేం కదా. కోపం వచ్చింది, చేతులు మాత్రం రాలేదు.

మర్నాడు రెడ్డెమ్మ బియ్యం నానబెట్టి, నీళ్లు వంచి, పళ్లెంలో పోసి ఆయన ముందు పెట్టింది. "కట్టెలు లేవు. ఇదే బువ్వ" అంది. అందరం ఆయన మొహమే చూస్తున్నాం. ఆయన చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఒక పిడికెడు నోట్లో వేసుకుని నమిలాడు.

"రోంత ఉప్పుంటే ఎయ్యమ్మీ" అన్నాడు.

మేం నవ్వాం. రెడ్డెమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. ఆయన పళ్లెం ఖాళీ చేసి, కడిగి, డ్రమ్ముల దగ్గరికి పోయాడు. తర్వాత కొన్నాళ్లు మా అందరిదీ అదే తిండి. నానిన బియ్యం, ఖర్జూరాలు. మనుషులు కడుపు పట్టుకుని పడుకునేవాళ్లు. రెడ్డెమ్మకైతే విరేచనాలు పట్టుకుని లేవలేని స్థితి వచ్చింది. వేడినీళ్లు కాచి ఇవ్వడానికి కూడా మా దగ్గర పుల్ల లేదు. చిన్నాయన వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. టోపీని జేబులోంచి తీసి చేతిలో నలుపుతూ చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత లేచి హాజీని వెతుక్కుంటూ పోయాడు.

ఆయన ఏం చేయబోతున్నాడో ఆయన హాజీని వెంటబెట్టుకుని వచ్చి చెప్పేదాకా మాకెవరికీ తెలియలేదు. నేను దుబాసీగా మధ్యలో ఉన్నాను కాబట్టి ప్రతి మాటా గుర్తుంది.

"హాజీకి చెప్పు అబ్బీ. గీత జరపాల్సి వచ్చింది. మా మనిషి సచ్చేట్టుంది. కానీ నీ గొర్రెలకు లేని మినహాయింపు మావాళ్లకు ఇస్తే నాకు మనసొప్పదు. గీత జరిపితే అందరికీ జరపాల. పొయ్యిలోకి మావాళ్లు కోసుకుంటారు, నీ గొర్రెలూ ఆడ మేస్తాయి. యుద్ధం అయిపోతే డ్రమ్ములు యాడివి ఆడికే పోవాల. నీకు సమ్మతమేనా?"

హాజీ ఆయన్ని ఎగాదిగా చూశాడు. తనను తరిమించినవాడు వచ్చి సమ్మతం అడుగుతున్నాడు. "అల్లా ముందు ఇద్దరం ఒప్పుకున్నాం" అన్నాడు చివరికి.

ఇక అప్పుడు మొదలైంది అసలు తిక్క. లేవలేని మనిషి మంచంలో మూలుగుతుంటే, డ్రమ్ము జరిపేముందు రెడ్డెమ్మ పొయ్యిలోని పాత బొగ్గులన్నీ ఏరి గంపలో తెమ్మన్నాడు. గోదాం తలుపుల బొగ్గులవి. నాకు అర్థమైంది. మా వైపు ఊళ్లలో పొలానికి గట్టురాయి నాటేటప్పుడు ఇరుగుపొరుగు ఇద్దరినీ నిలబెట్టి, గుంతలో బొగ్గులు పోసి ఆపైన రాయి నాటుతారు. రాయిని ఎవరైనా జరపొచ్చు, బొగ్గు మాత్రం మన్నులో చివకదు. తగాదా వస్తే తవ్వి చూస్తే గుంతే సాక్ష్యం చెబుతుంది. గట్టురాయి జరపడం మావాళ్లలో ఎంత పాపమో నేను చెప్పనక్కర్లేదు, ఆ మాట మీద తలకాయలు పగిలిన ఊళ్లున్నాయి. ఆ పాపం చెయ్యబోతున్న మనిషి ముందు సాక్ష్యం పాతుకుంటున్నాడు.

"ఎవరికోసం చిన్నాయనా ఇదంతా? సర్కారు ఉందో లేదో తెలీదు. ముందు ఆయమ్మకు నీళ్లు కాచనీ" అన్నాను కోపంగా.

"కాస్తాంలే. మొదటి డ్రమ్ము జరిగినంక కోసుకో. మిగతాయి నిదానంగా చేద్దాం."

ఒక్కొక్క డ్రమ్ములో ఇసుక కుమ్మరించాం. అది నిలబడిన చోట గుంత తవ్వాం. ఒకపక్క హాజీ, ఒకపక్క ఆయన నిలబడి చెరొక గుప్పెడు బొగ్గులు వేశారు. మన్ను కప్పి, డ్రమ్మును కూతవేటు దూరం లోపలికి దొర్లించి మళ్లీ ఇసుక నింపాం. పొద ఎట్లా కొయ్యాలో హాజీ చూపించాడు, వేరు కదలకుండా పైపైన. ఆ సాయంత్రం తోటలో పొయ్యి వెలిగింది. రెడ్డెమ్మ వేడినీళ్లు తాగింది, మర్నాడు గంజి తాగింది, వారం తిరక్కుండా మళ్లీ గరిట పట్టుకుని అందరినీ తిట్టడం మొదలుపెట్టింది. అన్నం ఉడికిన వాసనకు మాలో ఒకరిద్దరు బయటికి పోయి ఏడ్చి వచ్చారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

ఇంత జరిగాక ఆయన మెత్తబడ్డాడనుకుంటే మళ్లీ పప్పులో కాలే. కొత్తగా జరిపిన డ్రమ్ముల దగ్గర అదే టోపీ, అదే కర్ర. లోపల పొద ఒత్తుగా ఉందని నేను ఒకడుగు దాటి కొడవలి వేయబోతే "మమ్నూ" అని అరిచాడు. "కంచే చేను మేసింది గదా, ఇంకా నీకీ టోపీ ఎందుకు?" అని ఎగతాళి చేశాను. ఆయన నవ్వలేదు. మొహం చిన్నబోయింది. "అవునబ్బీ, మేసింది" అన్నాడు. ఆ మాట ఎందుకన్నానా అని నేనూ బాధపడ్డాను.

చలికాలం చివర యుద్ధం జరిగి, సైన్యం పారిపోయింది. ఆయిల్ బావులు మండి పట్టపగలే చీకటిగా ఉండేది, ఆరేసిన బట్టలమీద మసి రాలేది. కొన్నాళ్లకు మందుపాతరలు తీసేవాళ్లు మా వైపు నేల చూసి పోయారు. వాళ్ల వెనకే చిన్నాయన ఆఫీసు వాళ్లు వచ్చారు. ఒక ఇంజినీరు, నలుగురు కూలీలు, లారీ నిండా ముళ్లతీగ. చిన్నాయన బతికి ఉన్నందుకు ఇంజినీరు ఆయన్ని కావలించుకున్నాడు. మంచివాడు. కళ్లకింద నల్లగా, ఎన్నాళ్లుగానో నిద్రలేనట్టు ఉన్నాడు. ఆఫీసు తగలబడిందనీ, పటాలన్నీ కాలిపోయాయనీ చెప్పాడు. "డ్రమ్ములు నిలబడి ఉన్నాయి, అదృష్టం. అవి ఎక్కడున్నాయో అక్కడే స్తంభాలు పాతండి" అని కూలీలకు చెప్పాడు.

చిన్నాయన నావైపు తిరిగాడు. "చెప్పబ్బీ. గీత ఇది కాదని చెప్పు."

నేను చెప్పలేదు. ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగాను. "చిన్నాయనా, గమ్మునుండు. ఎవురికీ తెలీదు. నీ ఇఖామా పోతుంది, ఈడ ఉండే కాయితమే లేకుండా ఊరికి తోలేస్తారు. ఎవురికీ నష్టం లేదు గదా."

"చట్టంలో ఉండే నేల తక్కువైపోతుంది గదా. హాజీకి మాటిచ్చినా గదా."

హాజీ కూడా అక్కడే ఉన్నాడు. గీత అక్కడే ఉండిపోతే లాభపడేది ఆయన గొర్రెలే. ఆయన నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. చిన్నాయన పార తీసుకుని తనే నడిచాడు. ఇంజినీరు ఏమిటిదని వెనకే వచ్చాడు. ఇసుక తవ్వితే నల్లగా బొగ్గులు బయటపడ్డాయి. ఇంకొకచోట తవ్వాడు. అక్కడా బొగ్గులే. ఇక నేను చెప్పక తప్పింది కాదు. మొత్తం చెప్పాను. రెడ్డెమ్మ జబ్బు గురించి రెండింతలు చేసి చెప్పాను.

ఇంజినీరు గుంత పక్కనే గొంతుక్కూర్చుని ఒక బొగ్గు తీసి వేళ్లమధ్య పెట్టి చూశాడు. "అయిపోయింది, ఖలాస్. ఎవరైనా అదే చేస్తారు. స్తంభాలు ఇక్కడ పాతిస్తాను. నువ్వు నీ పని చూసుకో" అన్నాడు.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం కదల్లేదు.

"హాజీ ఒక్క డ్రమ్ము జరిపినాడని ఈ దరిదాపులకు రావద్దంటిరి. నేనే చెప్పి వేయిస్తిని ఆ శిక్ష. నేను వరసంతా జరిపినా. నాకేమీ లేకపోతే ఎట్ల? చెప్పబ్బీ, చెప్పు."

చెప్పాను. కాపలావాడికి ఆ శిక్ష వేస్తే ఉద్యోగం పోయినట్టేనని ఇంజినీరు అన్నాడు. తెలుసన్నాడు ఈయన. ఇంజినీరు ఎన్నో విధాల చెప్పి చూశాడు, చివరికి విసుక్కున్నాడు, కోప్పడ్డాడు. హాజీ అడ్డం వచ్చి, తన శిక్ష ఎప్పుడో మర్చిపోయానని, ఆ మాట ఎత్తవద్దని అన్నాడు. చిన్నాయన వాళ్లందరి మాటా ఓపిగ్గా విని, టోపీ తీసి ఇంజినీరు చేతిలో పెట్టాడు.

ఆయన ఊరికి పోయే ఏర్పాట్లు అయ్యేదాకా మాతోనే తోటలో ఉన్నాడు. బొగ్గులున్న వరసలో స్తంభాలు లేచాయి, తీగ బిగించారు. ఆఖరిరోజు రోడ్డువైపున్న పాత కంచె గేటుకు కొత్త తాళం వేస్తారని తెలిసి, ఆయన రేకుపెట్టె తెచ్చుకుందామని ఇద్దరం పోయాం. గదిలోనే ఉంది పెట్టె, గేటు నుంచి నాలుగడుగులు. గేటు బార్లా తెరిచి ఉంది. కొత్త కాపలావాడు, బంగ్లాదేశ్ కుర్రాడు, లోపల నిలబడి ఉన్నాడు. చిన్నాయన గేటు బయటే ఆగిపోయాడు.

"పోయి తెచ్చుకో చిన్నాయనా. నీ గదే గదా" అన్నాను.

"నేను పోగూడదబ్బీ."

"అయితే నేను తెస్తా ఉండు."

"నువ్వూ పోగూడదు. ఆయబ్బిని తెచ్చియ్యమని అడుగు."

అడిగాను. ఆ కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు గానీ పెట్టె మోసుకొచ్చి గేటు గీత దగ్గర పెట్టాడు. చిన్నాయన బయట నుంచే వంగి, రెండు చేతుల్తో దాన్ని తనవైపు లాక్కున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన పెట్టె నెత్తికెత్తుకుని, "ఏడుస్తా నిలబడితే బస్సు పోతుంది, నడువు" అన్నాడు.